తెరకు అటు బావ, ఇటు బామ్మర్ది

హైదరాబాద్‌లో ఒక పరిశోధన ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి గిద్దలూరు వెళ్ళినప్పుడు, మా నాయన అడిగిన మొదటి ప్రశ్నకే నా దగ్గర సరైన జవాబు లేకపోయింది.

"ఏం పనమ్మా అది?"

"దూరంగా ఉన్నవాళ్ళను కలిపే యంత్రాలు నాయనా. వాటి మీద పరిశోధన."

"ఫోన్లుండాయి గదా."

"ఫోన్లో మాట్లాడుకుంటాం, అంతే. ఇది కలిసి ఏదైనా పని చేసుకోడానికి."

"ఏం పని?"

కాసేపు ఆలోచించి, "అదే కనుక్కోవాలంట" అన్నాను. నాయన మా అమ్మ వైపు చూసి, "కనుక్కోనీలే, చదివినాది గదా" అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఉందో, ఎగతాళి ఉందో నాకు తెలియలేదు. ఆ ఏడాదంతా నాకు చాలా విషయాలు అట్లాగే తెలియకుండా పోయాయి.

మా ల్యాబ్‌లో తయారైన యంత్రం చూడటానికి పెద్ద టీవీలాగే ఉంటుంది. మనిషంత ఎత్తు తెర, నెత్తిన కెమెరా, రెండు పక్కలా మైకులు, స్పీకర్లు. ఒక ఊళ్ళో ఒకటి, ఇంకో ఊళ్ళో ఒకటి గోడకు బిగిస్తే ఆ గోడలో అవతలి ఊరు నిలువెత్తున కనపడుతుంది. నంబరు కొట్టడం, మోగడం, ఎత్తడం ఏమీ ఉండవు. పొద్దున తెరిస్తే చీకటి పడేదాకా తెరిచే ఉంటుంది. దాని ముందు జనం ఏం మాట్లాడుకుంటారన్నది మా గైడ్ మేడంకు ముఖ్యం కాదు. కలిసి ఏం చేస్తారు, ఎట్లా చేస్తారు అన్నదే ఆమె పరిశోధన. పట్నాల్లో ఆఫీసుల మధ్య పెట్టి చూశారు. పల్లెల్లో కూడా పెట్టాలనుకున్నప్పుడు, మా వైపు మాట తెలిసినదాన్నని నన్ను తీసుకున్నారు.

చెక్కభజన వాళ్ళకు పెడదామని చెప్పింది నేనే.

వెలిగండ్ల దగ్గర ఒక ఊళ్ళో గొర్రెలు మేపుకునే కుటుంబాల వాళ్ళది ఒక భజన బృందం ఉండేది. కాళ్ళకు గజ్జెలు కట్టి, చేతుల్లో చెక్కలు పట్టుకుని, రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి పాడుతూ ఆడతారు. ఒక వరస పాట ఎత్తుకుంటే ఎదుటి వరస అందుకుంటుంది. చరణం చివర రెండు వరసల చెక్కలూ ఒక్కసారే పడాలి. చాలా ఏళ్ళ కిందట ఊళ్ళో మేత కరువైనప్పుడు వాళ్ళలో సగం కుటుంబాలు మందలు తోలుకుని నల్లమల అంచుకు వెళ్ళి, యర్రగొండపాలెం అవతల ఒక చిన్న పల్లెలో స్థిరపడ్డాయి. బృందంలో ఒక వరస ఇక్కడ ఉండిపోయింది, రెండో వరస అక్కడికి పోయింది. అప్పటి నుంచి తిరునాళ్ళకో పెళ్ళికో కలిసినప్పుడే రెండు వరసలూ ఎదురెదురుగా నిలబడతాయి. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళాలంటే కనిగిరి, మార్కాపురం, యర్రగొండపాలెం బస్సులు మారాలి. ఊరికే సాధన కోసం అంత దూరం ఎవరు పోతారు?

మేడం ఈ మాట వినగానే ఎగిరి గంతేసినంత పని చేసింది.

వెలిగండ్ల వైపు వరసకు పెద్ద ఒక బావ, యర్రగొండపాలెం వైపు వరసకు పెద్ద ఆయన బామ్మర్ది. బావగారి భార్యే ఆ బామ్మర్దికి అక్క. మొదటిరోజు వాళ్ళింటికి వెళ్ళి "మేడం", "సార్" అంటుంటే ఆమె నవ్వి, "నన్ను పెద్దమ్మా అను. మిగతా వరసలు అవే కుదురుకుంటాయి" అంది. అట్లా ఆమె భర్త నాకు పెదనాయన అయ్యాడు. పాలెంలో ఉన్న తమ్ముడు మామ అయ్యాడు.

పెదనాయన ఊళ్ళో తెరను రామాలయం పక్క గదిలో గోడకు బిగించాం. మామ పల్లెలో అంత గోడ ఉన్నది ఆయన రేకుల షెడ్డుకే. దాణా బస్తాలు ఒక మూలకు జరిపి అక్కడ పెట్టాం. పెదనాయన ఊరికి కేబుల్ ఇంటర్నెట్ ఉంది. మామ పల్లెకు సిమ్ కార్డే గతి కాబట్టి పెద్ద గెడ కట్టి దాని కొనకు సిగ్నల్ అందుకునే డబ్బా బిగించాం.

తెరలు వెలిగిన రోజు నేను పెదనాయన దగ్గర ఉన్నాను. గోడలో మామ నిలబడి కనిపించగానే గదిలో ఉన్నవాళ్ళంతా కేకలు పెట్టారు. పెదనాయన మాత్రం దగ్గరకు పోయి, తెర మీద బామ్మర్ది భుజం ఉన్నచోట చెయ్యి ఆనించాడు.

"సన్నబడినావు గదరా."

గోడలో ఉన్న మామ ఒక్క క్షణం అట్లాగే చూస్తూ నిలబడి, తర్వాత నవ్వాడు. "నువ్వే లావైనావు బావా. అందుకే నేను సన్నంగా కనపడతాండా."

ఆ క్షణాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు. చాలా బాగుందని నోటు రాసుకున్నాను.

మందలు ఇళ్ళకు చేరాక, దీపాలు పెట్టే వేళకు సాధన మొదలైంది. దేవుడు ఏరు దాటే పాట ఒకటి ఉంది వాళ్ళకు. చిన్నగా మొదలై, చరణం చరణానికీ వేగం పెరిగి, చివరకు చూసేవాళ్ళ కాళ్ళు కూడా ఆగని పాట. పెదనాయన ఎత్తుకున్నాడు. మామ వరస అందుకుంది. చరణం చివర చెక్కలు పడ్డాయి. ఇక్కడివి పడ్డాక కాస్త ఆగి అక్కడివి పడ్డాయి.

మళ్ళీ ఎత్తుకున్నారు. మళ్ళీ అంతే. పాట వేగం పెరగాల్సింది పోయి తగ్గుతూ వచ్చింది. మూడో చరణానికి ఎద్దుల బండి ఎత్తు ఎక్కుతున్నట్టు ఈడ్చి ఈడ్చి, నాలుగో చరణంలో నిలిచిపోయింది.

"ఏంది బామ్మర్దీ, వెనక పడతాండావు?" అన్నాడు పెదనాయన నవ్వుతూనే.

మామ కూడా నవ్వుతూనే అన్నాడు. "నేనా? నువ్వు లాగతాండావు బావా. నీ కోసరమే ఆగతాండా."

నా చెవులతో విన్నాను కాబట్టి మామదే ఆలస్యమని నాకు ఏ అనుమానమూ లేదు. కొత్త గదా, కుదురుకుంటుంది అనుకున్నాను. ఆ వారం చివర బస్సులు మారి మామ పల్లెకు వెళ్ళి, రేకుల షెడ్డులో దాణా బస్తా మీద కూర్చుని అదే పాట విన్నాను. మామ వరస చెక్కలు టక్కున పడ్డాయి. కాస్త ఆగి గోడలోంచి పెదనాయన వాళ్ళవి వినబడ్డాయి. స్పష్టంగా పెదనాయనదే ఆలస్యం.

నాకు తల తిరిగినట్టయింది. కారణం తెలియక కాదు. మాట తీగల్లో, గాలిలో ప్రయాణం చేసి రావడానికి కొంత సమయం పడుతుందని నేను చదువుకున్నదే. మాటలకైతే ఆ ఆలస్యం అడ్డం రాదు. తాళానికి అడ్డం వస్తుంది. అవతలి చెక్క వినబడేదాకా ఇవతలివాళ్ళు ఆగుతారు, వీళ్ళు ఆగారని వాళ్ళు ఇంకొంచెం ఆగుతారు. ఒకరి కోసం ఒకరు ఆగి ఆగి పాట చచ్చిపోతుంది. ఇదంతా కాగితం మీద బొమ్మ వేసి చూపించగలను. అయినా వెలిగండ్ల వైపు కూర్చున్నప్పుడు మామ మీద, పాలెం వైపు కూర్చున్నప్పుడు పెదనాయన మీద నాకు నిజంగానే విసుగు వచ్చేది. ఎక్కడ కూర్చుంటే అక్కడివాళ్ళదే న్యాయం అనిపించేది. తెలిసినదాన్ని నాకే అట్లా ఉంటే వాళ్ళకెట్లా ఉంటుంది?

చెప్పి చూశాను. మార్కాపురం వైపు పలకల క్వారీలు అందరికీ తెలుసు. దూరం నుంచి చూస్తే ముందు దుమ్ము లేస్తుంది, తర్వాత పేలిన చప్పుడు వస్తుంది. అదే చెప్పాను మామకు.

"చప్పుడు మీ దగ్గరకు రావడానికి టైం పడుతుంది కదా మామా, ఇదీ అంతే."

మామ శ్రద్ధగా విన్నాడు. "క్వారీ దూరంగా ఉంటాది గదమ్మా."

"పెదనాయన కూడా దూరంగానే ఉన్నాడు కదా."

మామ గోడ వైపు చూశాడు. పెదనాయన అక్కడ నిలువెత్తున నిలబడి, చొక్కా పైగుండీ తీసి, కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. మెడ మీది పుట్టుమచ్చ కూడా కనపడుతోంది.

"దూరమేందమ్మా. ముందర్నే ఉండాడు గదా," అన్నాడు మామ.

ముందరే ఉన్నట్టు కనపడాలనే కదా మేము అన్ని నెలలు కష్టపడి ఆ తెర తయారుచేసింది. దూరం ఉందని తెలిస్తే ఆలస్యాన్ని ఎవరైనా సర్దుకుంటారు. ఎదురుగా నిలబడి మన మొహంలోకి చూస్తున్న మనిషి ఆలస్యం చేస్తే, కావాలని చేసినట్టే ఉంటుంది.

ప్రతివారం ప్రశ్నలు అడిగి జవాబులు రాసుకోవడం నా పని. ప్రశ్నలు ఇంగ్లీషులో తయారై తెలుగులోకి వచ్చేవి. "అవతలి వ్యక్తి మీ సమక్షంలో ఉన్నట్టు మీకు ఎంతవరకు అనిపించింది? ఐదు మార్కులకు ఎన్ని ఇస్తారు?"

"సమక్షం అంటే?" అన్నాడు పెదనాయన.

"ఎదురుగా ఉన్నట్టు."

"ఎదురుగానే ఉండాడు గదా."

"నిజంగా ఉన్నట్టేనా?"

"నిజంగా యాడుండాడు? పాలెంలో ఉండాడు."

"మరి ఎన్ని మార్కులు వెయ్యమంటారు?"

పెదనాయన గొంతు తగ్గించాడు. "మంచి మార్కులే వెయ్యమ్మా. మనం తక్కువేసినామంటే బాధపడతాడు."

ఆ మార్కులు ఆయన తెరకు కాదు, బామ్మర్దికి వేస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. నాలుగు రాశాను. ఆ నాలుగు దేనికో మేడం అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

రెండో నెలకు నవ్వులు పోయాయి. మార్కాపురం దగ్గర ఒక తిరునాళ్ళలో ఆడటానికి వాళ్ళు ఒప్పుకున్నారు. రెండు వరసలూ అక్కడ కలవాలి. రోజులు దగ్గరపడేకొద్దీ ఇద్దరిలోనూ కంగారు మొదలైంది. ఒక సాయంత్రం పాట మళ్ళీ సగంలో నిలిచిపోతే పెదనాయన చెక్కలు నేల మీద పెట్టేశాడు.

"చెక్క కొట్టేది మర్చిపోయినావా ఏంది? గొర్రెల వెనక తిరిగి తిరిగి గొర్రె అయిపోయినావా?"

ఆ మాట అటు చేరడానికి పట్టే క్షణం అందరం చూస్తూ ఉండిపోయాం. మామ మొహంలో అప్పటిదాకా ఏమీ లేదు. తర్వాత ఆ మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది.

"అట్లనే అనుకో బావా. నువ్వు గొప్ప గురువువి. తిరునాళ్ళకు నువ్వొక్కడివే పాడుకో."

మామ పక్కకు జరిగాడు. గోడలో ఖాళీ షెడ్డు, దాణా బస్తాలు మిగిలాయి.

పెద్దమ్మ గడపలో నిలబడి ఉంది. "నా తమ్ముణ్ణి అంత మాట అంటావా?" అని భర్త మీద లేచింది. ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయాక తెర ముందుకు వచ్చి, ఎవరూ కనపడకపోయినా, "ఒరే, నీకూ నోరు ఎక్కువే. పెద్దోడు అన్నాడనుకో, పడితే ఏం పోతాది?" అని తమ్ముణ్ణి తిట్టింది. షెడ్డులో ఎక్కడినుంచో మామ గొంతు వినబడింది. "నువ్వు ఎవరి పక్కనో ముందు తేల్చుకోవే అక్కా."

"నేను ఎవరి పక్కనైతే నీకెందుకు?" అంది పెద్దమ్మ.

తర్వాతి వారం మామ పల్లెకు పోదామని మార్కాపురం బస్టాండులో దిగితే, అక్కడ బెంచీ మీద మామ కనిపించాడు. ఎప్పుడూ తలపాగాతో చూసిన మనిషి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. నన్ను చూసి చేతిలోని ప్లాస్టిక్ కవరు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏం మామా, ఇట్లా వచ్చారు?"

"పనుండి వచ్చినా."

టీ తెచ్చిచ్చాను. కాసేపు ఏవేవో మాట్లాడి, చివరకు తనే బయటపడ్డాడు. "చెవుల డాక్టరు కాడికి పోయినా పాపా."

"ఏమైంది?"

"బావ అంతగా అంటాండాడంటే నాలోనే ఏదో ఉండాలని. మా నాయనకు కూడా ఈ వయసులోనే చెవులు పోయినాయి. నాకు తాళం ఇనపడినట్టే ఉండాది, కానీ ఆలస్యంగా ఇనపడతాండాదేమో. అట్ల ఉంటాదా అని అడగడానికి పోయినా."

"డాక్టరు ఏమన్నాడు?"

"చెవులు బ్రమ్మాండంగా ఉండాయంట." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో సంతోషం లేదు. "మరి ఏందిది? చెవులు బాగుంటే తప్పు యాడుండాది?"

క్వారీ సంగతి మళ్ళీ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, "నువ్వు చెప్పినావులే. అది అర్థమైంది. అర్థమైనా గానీ అర్థం కాలా" అన్నాడు. లేచి బస్సెక్కుతూ, "బావకు చెప్పొద్దు" అన్నాడు.

నేను ఆ రోజు పాలెం బస్సు ఎక్కలేదు. ఏం చేస్తున్నానో తెలియకుండానే కనిగిరి బస్సెక్కి పెదనాయన ఊరికి తిరిగి వెళ్ళాను. ఆయనకు ఈ మాట చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పొద్దన్నాడు కదా అని ఆగిపోయాను. పెద్దమ్మ అన్నం పెడుతూ గొంతు తగ్గించి తనే చెప్పింది. "మీ పెదనాయన తెల్లారి లేచి పశువుల కొట్టం వెనక్కి పోయి ఒక్కడే చెక్కలు కొట్టుకుంటాండాడు. చేతులు బిగుసుకుపోతాండాయేమో, తనదే తప్పేమో అని భయం. నా ముందర కూడా ఒప్పుకోడు. నేను చెప్పినానని అనొద్దు."

ఇద్దరి రహస్యాలూ నా దగ్గర ఉన్నాయి. ఇద్దరిలో ఎవరికీ చెప్పడానికి లేదు. ఇద్దరూ ఎదుటివాణ్ణి తిడుతూ తమను తామే అనుమానించుకుంటున్నారు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. మధ్యలో నా పని నోట్సు రాసుకోవడం.

ఆ మధ్యాహ్నమే మేడంకు ఫోన్ చేశాను. ఆమె ఓపికగా విని, "చాలా ముఖ్యమైన విషయం ఇది, అన్నీ రికార్డు చేస్తున్నావు కదా?" అంది. చేస్తున్నానన్నాను. "ఇద్దరికీ ఒకే తాళం చూపించే లైటు పెడదాం. ఒకరిని ఒకరు వినకుండా లైటును చూసి కొడితే కలుస్తుంది" అంది. ఆమె మాట పూర్తిగా సబబుగా ఉంది. ఆ మాటే నన్ను బాధపెట్టింది. రెండూ ఎట్లా కుదిరాయో తెలియలేదు.

రెండు తెరల మీదా పైన ఒక ఎర్రటి చుక్క వెలిగి ఆరేటట్టు చేశారు. పెద్దమ్మ ఇద్దరినీ తిట్టి, బతిమాలి మళ్ళీ నిలబెట్టింది. చుక్కను చూస్తూ పాడారు. ల్యాబ్‌లో రెండు రికార్డులూ కలిపి వింటే చెక్కలు ఒక్కసారే పడ్డాయట. కానీ అటూ ఇటూ అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు.

పాట అయ్యాక, "ఎట్లా ఉంది మామా?" అని తెరలోంచే అడిగాను.

"లైటు ముందర పాడినట్టుండాది," అన్నాడు. "బావ ముందర పాడినట్టు లేదు."

మూడు రోజుల తర్వాత పెదనాయనే ఆ చుక్క కనపడకుండా దాని మీద కాగితం అంటించాడు. ఎందుకని అడిగితే, "కండ్లకు కొడతాండాది" అన్నాడు.

తిరునాళ్ళ రోజు వచ్చింది. మధ్యాహ్నం నుంచే జనం. బొరుగుల మిఠాయి, గాజుల అంగళ్ళు, చెరుకురసం బండ్లు. పాలెం నుంచి ట్రాక్టరులో మామ వరస దిగింది. పెదనాయన ఎదురు వెళ్ళాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదు. "వచ్చినావా?" "వచ్చినా బావా." అంతే. నాకు మాత్రం ధైర్యంగా ఉంది. ఇక్కడ తెర లేదు, తీగ లేదు, మధ్యలో నాలుగు అడుగుల నేల తప్ప ఏమీ లేదు. ఇక్కడ పాట పరుగెత్తుతుంది, వాళ్ళ అనుమానాలన్నీ వాటంతటవే పోతాయి అనుకున్నాను. మేడం కూడా కెమెరాతో వచ్చింది.

గుడి ముందు రెండు వరసలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. పెదనాయన ఎత్తుకున్నాడు. పెదనాయన వరస చెక్కలు పడ్డాయి.

మామ ఆగాడు.

ఎందుకు ఆగాడో ఆయనకు కూడా తెలియదు. ఆ ఒక్క క్షణం ఆగి, తర్వాత కొట్టాడు. ఆ చెక్క కోసం పెదనాయన ఇటు ఆగాడు. తర్వాతి చరణంలో మామ ఇంకాస్త ఆగాడు. డోలు కొట్టేవాడు అటు చూసి ఇటు చూసి ఎవరితో పోవాలో తెలియక వేళ్ళతో గోకుతున్నాడు. చూస్తుండగానే పాట ఈడుస్తూ వచ్చి, నాలుగో చరణంలో, సరిగ్గా తెర ముందు ఎక్కడ నిలిచిపోయేదో అక్కడే నిలిచిపోయింది. గజ్జెలు ఆగాయి. అంత తిరునాళ్ళలో మాకు చెరుకు మిషను చప్పుడొక్కటే వినబడింది.

మధ్యలో ఏమీ లేదు కదా, మరి ఏది ఆలస్యమైంది? మేడం కెమెరా దించలేదు. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. ఆమెకు దొరికిందేదో ఆమెకు తెలుసు. నాకు మాత్రం మేము ఏదో చెడగొట్టేశామని, ఇక అది బాగుకాదని అనిపించింది.

పెదనాయన చెక్కలు పట్టుకుని అట్లాగే నిలబడి బామ్మర్దినే చూస్తున్నాడు. చాలా నెలల తర్వాత నేరుగా చూస్తున్నాడు. మామ కూడా చూస్తున్నాడు. ఉన్నట్టుండి మామకు నవ్వు వచ్చింది. ముందు ఆపుకున్నాడు, తర్వాత ఆగలేదు.

"బావా! నువ్వు ఇంకా ఆ టీవీలోనే ఉండావా?"

పెదనాయన మొహం ఎర్రబడింది. కోపమొచ్చిందనుకున్నాను. ఆయన గబగబా నాలుగడుగులు వేసి వచ్చి బామ్మర్ది భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. "లేదురా, బయటికొచ్చినా. నువ్వు కూడా రా."

అప్పుడు జనం నవ్వారు. రెండు వరసల వాళ్ళూ నవ్వారు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. రెండోసారి పాట నడిచింది. గొప్పగా అని చెప్పను. అక్కడక్కడ ఒక చెక్క వెనకబడేది, ఎవరో ఒకరు "ఊ" అని అదిలించేవారు, మళ్ళీ కలిసేది. చివరి చరణానికి దుమ్ము లేచింది. పక్కనున్న ఒక ముసలాయన, "మొదట అట్ల నిదానంగా ఈడ్చి పాడేది కొత్త పద్ధతా?" అని నన్నడిగాడు. తల ఊపాను.

భోజనాల దగ్గర మామ తనే చెప్పేశాడు. "నేను చెవుల డాక్టరు కాడికి పోయినా బావా, నీ దెబ్బకు."

పెదనాయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. "నిజంగానా?"

"నిజం. ఈ పాపను అడుగు."

పెదనాయన ముద్ద విస్తట్లో పెట్టేసి, "నేను రోజూ తెల్లారి లేచి కొట్టం వెనక చెక్కలు కొట్టుకుంటాండా. గొడ్లు కూడా బెదిరినాయి" అన్నాడు. ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఎదురుగా ఉన్నవాళ్ళు కొసరి కొసరి వడ్డించారు. నాకు కూడా నవ్వు వచ్చింది.

తిరునాళ్ళు అయిన వారానికి పరిశోధన ముగిసింది, తెరలు విప్పి తీసుకుపోవాలి. మగవాళ్ళు ఎవరూ వద్దనలేదు. "తీసకపో తల్లీ, మళ్ళా మా ఇద్దరికీ కొట్లాట పెట్టకుండా," అన్నాడు పెదనాయన. నేను తెర బోల్టులు విప్పుతుంటే పెద్దమ్మ వచ్చి గడపలో కూర్చుంది.

"పొద్దున కూడా ఉండదా ఇది?"

"పొద్దున ఎవరు పాడతారు పెద్దమ్మా?"

"పాడేదేంది? నేను పొద్దున ఈడ కూచుని ఆకుకూర వలుచుకుంటా, బియ్యం ఏరుకుంటా. వాడు ఆడ కూచుని తాళ్ళు పేనుకుంటాడు. ఇట్ల చూస్తే కనపడతాడు."

నా చేతిలో పానా ఆగిపోయింది. ఇన్ని నెలలు నేను సాయంత్రం సాధనకే వచ్చేదాన్ని. పొద్దున తెర తెరిచే ఉంటుందని తెలుసు, దాని ముందు ఎవరైనా ఉంటారని నేను అనుకోలేదు.

"ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

"ఏం మాట్లాడతాం? ఉండేవాళ్ళం."

"రోజూనా?"

"వాడు కొండకు పోని రోజు. కొట్లాటప్పుడు కూడా. వాడు మా ఆయనతో మాట్లాడకపోతే నాకేంది?"

సాయంత్రం ఫోన్లో వీడియో కాల్ ఎట్లా చెయ్యాలో ఆమెకు నేర్పించాను. ఆమె మామను చూసింది, రెండు మాటలు మాట్లాడింది, తర్వాత ఏం చెయ్యాలో తెలియక ఫోన్‌ను అట్లాగే పట్టుకుని కూర్చుంది. అవతల మామ కూడా అట్లాగే ఉన్నాడు. "సరే ఉంటా" అని పెట్టేసింది.

"ఇది అట్ల గాదు పాపా," అంది. "దీంట్లో మాట్లాడాల. దాంట్లో మాట్లాడే పన్లేదు."

తెరలను అక్కడ ఉంచడానికి వీలుందా అని మేడంను అడిగాను. వీలు లేదు, వేరే ఊళ్ళకు పోవాలి. నిజంగానే వీలు లేదు, ఆమె అబద్ధం చెప్పలేదు. నా నివేదికలో పాట సంగతంతా వివరంగా రాశాను. ఎదురెదురుగా నిలబడ్డాక కూడా వాళ్ళ చేతులు తెర ముందున్నట్టే ఆగిన సంగతి అందరికీ నచ్చింది. పెద్దమ్మ ఆకుకూర సంగతి ఏ శీర్షిక కింద రాయాలో తేలలేదు. కలిసి చేసిన పని కాదు అది. ఆమె పని ఆమెది, తమ్ముడి పని తమ్ముడిది. మాటలు కూడా లేవు. చివరికి ఇతర గమనికలు అన్నచోట నాలుగు వాక్యాలు రాశాను. మేడం దాని పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టింది. కొట్టెయ్యమని కాదు, ఆమెకూ తోచలేదు.

పెదనాయన, మామ ఇప్పుడు మళ్ళీ ఎవరి ఊళ్ళో వాళ్ళు సాధన చేసుకుంటున్నారు. ఈమధ్య దోర్నాల దగ్గర ఒక పెళ్ళిలో ఆడారని, బాగా కుదిరిందని విన్నాను. పెద్దమ్మ బస్సులు మారి తమ్ముడి ఇంటికి వెళ్ళి పది రోజులుండి వచ్చిందట. అంతకుముందు అట్లా ఎప్పుడూ వెళ్ళలేదు. "ఏం చేశావు పెద్దమ్మా అన్ని రోజులు?" అని అడిగితే, "ఏం చేస్తాను, కూచున్నా" అంది. ఎప్పుడు తిరిగొస్తుందని పెదనాయన రోజూ ఫోన్ చేశాడట.

మొన్న నేను గిద్దలూరు ఇంట్లో ఉండగా మేడం ఫోన్ చేసి కొత్త పని గురించి చెప్పింది. ఈసారి తెర కాదు, ఒకరి ఇంట్లో తలుపు తీస్తే ఇంకొకరి ఇంట్లో చిన్న గంట మోగుతుంది. అది ఎందుకు, ఎవరికి అన్నది ఇంకా తేలలేదు. నేను వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక మా నాయన అడిగాడు, "మళ్ళా ఏందంట?" చెప్పాను.

"దాంతో ఏం తెలుస్తాది?" అన్నాడు నాయన.

తెలియదన్నాను. ఈసారి ఆయన అమ్మ వైపు చూడలేదు. "ఎవరింట్లో మోగాల?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే ఎవరో పిలిస్తే లేచి తలుపు తీసుకుని బయటికి వెళ్ళాడు.